ఎలుగును తరలిస్తే తగవు తీరదు

శివరాత్రి వెళ్లి ఎండ ముదిరే రోజుల్లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఇల్లందు, గుండాల, ఆళ్లపల్లి, టేకులపల్లి అడవుల్లో ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. ఆ వెంటే తునికి పండ్లు, తునికాకు. ఏజెన్సీ గూడేల్లో చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలమిది. ఎలుగుబంటికి కడుపు నిండే కాలం కూడా ఇదే. ‘ఎలుగుబంటి దాడి, ఒకరికి తీవ్ర గాయాలు’ అన్న వార్త జిల్లా పేజీకి ఎక్కినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. ఎలుగులను పట్టుకుపోరెందుకని ఊరు అడుగుతుంది. అడవిలోకి ఒంటరిగా వెళ్లవద్దని అటవీ శాఖ చెబుతుంది. మొదటి మాటలో న్యాయమైన భయం ఉంది, రెండో మాటలో కొంత వివేకం ఉంది. కానీ రెండింటి అడుగునా ఉన్న నమ్మకం ఒకటే: ఇద్దరిలో ఒకరిని అడవి నుంచి తప్పిస్తే గొడవ వదులుతుందని. ఇల్లందు అడవిలో ఎలుగు పోయే చోటు లేదు, కోయ ఆదివాసీ కుటుంబం పోకుండా ఉండే వీలూ లేదు. ఇక్కడి తగవు మూలంలో జంతువుల సంఖ్య కన్నా, అడవి హద్దు కన్నా, వేళ ఎక్కువ పని చేస్తోంది. ఒకే చెట్టు కిందికి, ఒకే తెల్లవారుజామున, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చేరడమే ప్రమాదమవుతోంది. ఆ వేళను విడదీయడం మీద పెట్టాల్సిన డబ్బూ శ్రద్ధా బోనుల మీద, హెచ్చరికల మీద ఖర్చయిపోతున్నాయి.

పల్లె జనం ఎలుగును గుడ్డెలుగు అంటారు. దాడి ఎందుకు జరుగుతుందో ఆ పేరులోనే సగం ఉంది. దీనికి వాసన పసిగట్టే శక్తి మెండు, చూపు అంతంత మాత్రం. పుట్ట తవ్వి మూతి లోపల పెట్టి చెదలను పీల్చేటప్పుడు అది చేసే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ పనిలో ఉండగా మనిషి అలికిడి దానికి పట్టదు. పై దవడలో ముందు పళ్లు రెండు లేకపోవడం, పెదవులు గొట్టంలా సాగడం, కాళ్లకు పొడుగాటి గోళ్లు ఉండడం చెదలు, చీమల తిండికి ఏర్పడిన అమరిక. మనిషిని తినడానికి వెంటాడే జంతువు కాదిది. అయినా పెద్దపులి తిరిగే అడవుల్లో బతుకుతూ వచ్చింది. చెట్టెక్కి దాక్కోవడం దీనికి అలవాటు కాదు. అందుకే దగ్గరలో హఠాత్తుగా ఏది కనిపించినా ఎదురు తిరిగి మీద పడడమే దీని ఎత్తుగడ. మన ప్రాంతంలో ఎక్కువగా చలికాలంలో ఈనుతుంది. రెండు మూడు నెలల పిల్లలు గుహ విడిచి తల్లి వీపునెక్కి బయటికొచ్చే సమయానికి సరిగ్గా ఇప్పపూల కాలం మొదలవుతుంది. పిల్లల తల్లి, పూల గంప పట్టిన తల్లి, ఇద్దరూ మసక వెలుగులో పదడుగుల దూరంలో ఎదురుపడితే ఏం జరుగుతుందో చెప్పడానికి జంతుశాస్త్రం చదవక్కర్లేదు.

ఈ తర్కానికి పక్క రాష్ట్రం లెక్కలు బలమిస్తున్నాయి. ఇల్లందు అడవికి పర్యావరణపరంగా దగ్గరి చుట్టం ఛత్తీస్‌గఢ్. అది కలిసి ఉన్న, విభజనకు ముందరి మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 వరకు అయిదేళ్లలో ఎలుగుల బారిన పడినవారు 735 మందని పరిశోధకులు నమోదు చేశారు. వారిలో చనిపోయినవారు 48 మంది. 1998-2000 మధ్య ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్ ఒక్కదానిలోనే 137 దాడులు జరిగాయి, 11 మంది మరణించారు. ఆ దాడుల్లో ఎక్కువ భాగం వానాకాలంలో, పెరళ్లలో, పంట చేలల్లో, వాటిని ఆనుకున్న అడవి అంచున జరిగాయి. ఈ అంకెల్లో రెండు సంగతులున్నాయి. నడి అడవి కన్నా మనిషి పనికీ జంతువు తిండికీ ఉమ్మడి అయిన అంచే ప్రమాద స్థలం. ఇక ఎలుగు బారిన పడిన ప్రతి పదిహేను మందిలో పద్నాలుగురు బతికారు. కన్ను, ముక్కు, దవడ, చేయి పోగొట్టుకుని బతికినవారు అందులో ఉన్నారు. మరణాల లెక్కతో మాత్రమే తీవ్రతను కొలిచే మన అలవాటుకు ఈ సమస్య చిన్నదిగా కనిపించడానికి కారణమదే.

మనమే చేసిన అంచు

ఆ అంచు దానంతటది ఇంతగా పెరగలేదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. సింగరేణి పుట్టిల్లయిన ఈ ఊరికి బొగ్గుట్ట అన్న పేరు అప్పటి వాసనే. భూగర్భ గనుల కాలంలో పైన అడవి చాలా వరకు నిలిచింది, ఓపెన్‌కాస్టుల కాలంలో నేలే లేచిపోయింది. మరోవైపు పోడు విస్తరించింది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాల మేర పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టినప్పుడు అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. ఆ పట్టాలు తరతరాల సాగుకు దక్కిన హక్కు, వాటిని తప్పుపట్టడం ఈ చర్చలో దారి తప్పడమే. కానీ అడవి మధ్య పత్తి, మొక్కజొన్న చెలకలు ముక్కలు ముక్కలుగా పరుచుకున్నప్పుడు, విస్తీర్ణం తగ్గిన దానికన్నా అంచు పొడవు పెరిగినది ఎక్కువని విధానకర్తలు గుర్తించాలి. నూరెకరాల చెలక ఒక్కచోట ఉంటే దాని గట్టు పొడవు కొంత. అదే అయిదెకరాల ముక్కలు ఇరవై అయితే మొత్తం గట్టు నాలుగింతలకు మించి పెరుగుతుంది, అంటే ఎలుగు ఎదురుపడే చోట్లు కూడా అంతే. 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లుంది. ఎలుగుకు దాని గీత తెలియదు. పగలు బండల సందుల్లో పడుకుని రాత్రి మేతకు దిగే జంతువుకు కావాల్సినవి గుట్ట, నీటి చెలమ, పుట్టలు, పండ్ల చెట్లు. గుట్టను తొలిస్తే అది ఊరి దారి పడుతుంది. గ్రానైటు క్వారీలు కమ్ముకున్న కరీంనగర్ శివారు రేకుర్తిలోకి 2023 ఆగస్టులో ఎలుగు వచ్చిపడడం అందుకు సూచన.

ఇతర దేశాల అనుభవాన్ని తెచ్చుకునే ముందు తేడాలు చూసుకోవాలి. కొండ ప్రాంతాల్లో ఎలుగుల బెడద అనగానే ఇప్పుడు ప్రపంచం చూపు జపాన్ మీదికి పోతోంది. అక్కడ 2023 ఆర్థిక సంవత్సరంలో 219 మంది దాడులకు గురయ్యారు, ఆరుగురు చనిపోయారు. 2025లో మృతుల సంఖ్య దానికి రెట్టింపు దాటింది. అకితా ప్రాంతంలో బోనుల ఏర్పాటుకు సైన్యం సాయం తీసుకున్నారు. జనావాసాల్లో అత్యవసరంగా కాల్చడానికి వీలిచ్చే సవరించిన చట్టం 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చింది. కానీ అక్కడి మూలం వేరు. పల్లెలు ఖాళీ అయ్యాయి, మిగిలినవారు ముసలివారయ్యారు, వేటగాళ్లు తగ్గారు, ఊరికీ కొండకూ నడుమ మనిషి చేతి కింద ఉండే పొలాలు, తోపులు పాడుబడి పొదలయ్యాయి. కోసేవారు లేని పండ్ల చెట్లు ఊరి నడుమ నిలిచాయి. కొండ మీద ఓక్, బీచ్ గింజలు కాయని ఏడాది ఎలుగు నేరుగా వీధిలోకి దిగుతోంది. అంటే జపాన్‌లో మనిషి వెనక్కి తగ్గిన జాగాలోకి ఎలుగు వచ్చింది, ఇల్లందులో ఎలుగు తినే జాగాలోకి మనిషి బతుకుతెరువు కోసం రోజూ పోతున్నాడు. అక్కడ తుపాకీ కొంత వరకు జవాబు కావచ్చు, ఇక్కడ అది అసలు ప్రశ్ననే తాకదు.

రుమేనియా అనుభవం మరో పాఠం. కార్పాతియన్ కొండల్లో వేల సంఖ్యలో ఎలుగులున్న ఆ దేశం 2016లో సరదా వేటను ఆపింది. 2024 జులైలో కొండెక్కుతున్న ఒక యువతిని ఎలుగు చంపాక, పార్లమెంటు హడావుడిగా సమావేశమై ఆ ఏడాదికి 481 ఎలుగులను చంపడానికి అనుమతించింది. పర్యాటకులు రోడ్ల మీద తిండి విసరడం, చెత్తకుండీలకు మూతలు లేకపోవడం మాత్రం అంత వేగంగా చక్కబడలేదు. కోటాలు కోపాన్ని చల్లార్చగలవు, తిండి దారిని మూయలేవు. ఆ దారిని మూసిన దేశం అమెరికా. యెల్లోస్టోన్ జాతీయ పార్కులో 1931 నుంచి 1969 వరకు ఎలుగుల చేతిలో ఏటా సగటున 48 మంది గాయపడేవారు. చెత్త గుట్టల దగ్గర, కార్ల కిటికీల దగ్గర తిండి తినడానికి మరిగిన జంతువులవి. 1970 నాటికి ఆ గుట్టలను మూసేశారు, తిండి పెట్టడంపై నిషేధాన్ని గట్టిగా అమలు చేశారు. మొదటి కొన్నేళ్లు ఆకలిగొన్న ఎలుగులు చాలా చచ్చాయి, అయినా క్రమంగా గాయాలు ఏడాదికి ఒకటి అన్న స్థాయికి దిగాయి, గ్రిజ్లీ ఎలుగుల సంఖ్య కోలుకుంది. జంతువులు పెరుగుతుండగా ప్రమాదం తగ్గిందంటే ఈ రెండింటినీ కలిపి కట్టిన ముడి మనం ఊహించుకున్నదే. అయితే యెల్లోస్టోన్‌లో మూయాల్సినది చెత్త. మన దగ్గర ఉమ్మడిగా ఉన్న తిండి ఇప్పపువ్వు, తునికిపండు, మొక్కజొన్న కంకి. వాటిని మూయలేం. వాటి దగ్గరికి ఎవరు ఎప్పుడు పోవాలో సర్దుకోవాలి.

పట్టుకుపోవడం ఎందుకు సరిపోదు

పట్టి తరలించాలన్న డిమాండుకు చట్టం ముందే ఒక గిరి గీసింది. ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిందని, పట్టడానికీ మత్తిచ్చి తరలించడానికీ వీలు కాదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నిర్ధారించుకుంటేనే చంపడానికి అనుమతి వస్తుంది. ప్రాణరక్షణ కోసం ఎదురు దెబ్బ కొట్టినవాడిని అదే చట్టం నేరస్థుడిగా చూడదు, ఈ సంగతి గూడేల్లో తెలిసినవారు తక్కువ. చట్టాన్ని పక్కన పెట్టినా తరలింపు పనికొచ్చే చోట్లు తక్కువే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, పనస తోటలు కొండలను ఆనుకుని ఉంటాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఒకరి ప్రాణం తీసి, పలువురిని గాయపరిచిన ఎలుగును మత్తిచ్చి పట్టుకున్నారు. విశాఖ జంతుశాలకు తరలించే క్రమంలో అది చచ్చిపోయింది. ఆ ఎలుగును పట్టడం తప్పు కాదు, ఒకే జంతువు వరసగా ఊళ్లో జనం మీద పడుతుంటే అధికారులకు మరో దారి ఉండదు. కానీ ఉద్దానంలో ఎలుగుల బెడద అక్కడితో ఆగలేదు, ఎందుకంటే జీడిపండు ఏటా పండుతుంది. ఒక చోటి నుంచి తీసి వేరే అడవిలో వదిలిన ఎలుగులు పాత చోటు వెతుక్కుంటూ రావడం, లేదా కొత్త ఊళ్లకు కొత్త బెడదగా మారడం ఎన్నో దేశాల్లో కనిపించింది. ఖాళీ అయిన గుట్టలోకి ఇంకో ఎలుగు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. ప్రత్యేక అభయారణ్యం కావాలనేవారు కర్ణాటకలోని దరోజిని చూపిస్తారు. 1994లో ఎలుగుల కోసమే ఏర్పాటైన ఆ బండల అడవి విలువైన ప్రయత్నమే. కానీ అక్కడిలా ఎలుగు ఆవాసానికి కంచె లాంటి గీత గీసే వీలు, గూడేలు, చెలకలు, గనులు, గుట్టలు అల్లుకుపోయిన ఇల్లందులో లేదు.

అవతలి పక్షం వాదన కూడా అంతే అసంపూర్ణం. అడవి జంతువులది, మనిషి వెళ్లకుంటే దాడి ఉండదన్న మాట పట్నంలో సులువుగా చెల్లుతుంది. ఇప్పపువ్వు, తునికాకు, తేనె, జిగురు సేకరణ 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీల హక్కు. పైగా వానలు రాకముందు కుటుంబానికి నగదు ఇచ్చే ముఖ్యమైన పని అది. అయితే ఆ పనికి మనిషి చీకటితోనే ఎందుకు బయల్దేరుతున్నాడు? పువ్వు రాత్రి, తెల్లవారుజామున రాలుతుంది. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి, జింకలు తినేస్తాయి, పక్కింటివారు ఏరుకుంటారు, ఎండకు పువ్వు వాడిపోతుంది. ఈ తొందరే ప్రమాదానికి పునాది. దాన్ని తగ్గించే మార్గాలు ఊహల్లో లేవు, పక్కనే ఉన్నాయి. శుభ్రమైన ఆహారపు తరగతి పువ్వు కోసం ఛత్తీస్‌గఢ్‌లో చెట్ల కింద నేలకు తగలకుండా వలలు కట్టి పూలు పడుతున్నారు. వల కడితే పువ్వు మట్టిలో పడదు, ఆకులు తగలబెట్టి నేల శుభ్రం చేసే పని తప్పుతుంది, అడవి నిప్పు తగ్గుతుంది. సేకరించేవారు ఎండెక్కాక నలుగురు కలిసి వెళ్లి దించుకోవచ్చు. వల కింద పూలు లేకపోతే ఎలుగు ఆకలితో ఊళ్లోకి రాదా అన్న సందేహం సబబే. అందుకే గూడేనికి దగ్గరలో ఉన్న, ఊరు గుర్తుపెట్టుకున్న చెట్లకే వలలు కట్టాలి, గుట్ట పక్క చెట్లను ఎలుగుకు వదిలేయాలి. పంచుకోవడమంటే చెట్లను పంచుకోవడమే.

వలల ఖర్చు ఎవరు భరించాలి, వేళ మార్చుకుంటే తగ్గే రాబడి ఎవరు పూడ్చాలి అన్నవి అసలు విధాన ప్రశ్నలు. అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14 నుంచి ఉంది. ఎండు ఇప్పపువ్వుకు 2020లో కిలోకు 17 రూపాయల ధరను 30 రూపాయలకు పెంచారు. ధర పెరిగినా నాణ్యతను బట్టి తేడా చెల్లించే ఏర్పాటు లేకపోతే వల కట్టినవాడికీ కట్టనివాడికీ ఒకే రేటు వస్తుంది, వల మూలన పడుతుంది. గిరిజన సహకార సంస్థ వల పువ్వును వేరుగా కొని పైధర ఇస్తే, పొద్దెక్కాక అడవికి పోవడం త్యాగం కాకుండా లాభసాటి పని అవుతుంది. తునికాకు కల్లాల దగ్గరా ఇదే సూత్రం పని చేస్తుంది. కొనుగోలు ఉదయాన్నే ముగిస్తే ఆకు కోసేవారు చీకట్లోనే పోతారు. కల్లాన్ని పొద్దెక్కాక తెరిచి, సాయంత్రం కొనుగోలును పొడిగిస్తే దానికి పైసా ఖర్చు లేదు. ఒక ఉత్తర్వుతో తగ్గే ప్రమాదానికి బోను కొనడం ఎందుకు?

వానాకాలం వచ్చేసరికి తగవు చెలకలకు మారుతుంది. పాలు పోసుకున్న మొక్కజొన్నకు రాత్రి కావలి, తెల్లారకముందే చెంబు పట్టుకుని పొదల వైపు వెళ్లడం, గట్టు దాకా పెరిగిన చెట్లు, ఈ మూడింటి దగ్గరే ఎదురుపాటు. మరుగుదొడ్డి కట్టించిన చోట నీళ్లు కూడా ఇవ్వడం, గూడెం చివరి ఇళ్ల దగ్గర సౌర దీపాలు, దారి పక్కన పొదలు కొట్టడం, మంచె మీద ఒంటరిగా కాకుండా ఇద్దరు ఉండడం, పోయేటప్పుడు పాట పాడుతూనో కర్రతో చప్పుడు చేస్తూనో నడవడం చాలా మామూలు సంగతుల్లా కనిపిస్తాయి. పులి వస్తే కెమెరాలు, బృందాలు, పత్రికా ప్రకటనలు వస్తాయి. ఎలుగుకు చీపురంత పని చాలు, అందుకే దానికి నిధి దొరకదు. ఉపాధి హామీ పనుల జాబితాలో చేరవలసిన పని ఇది.

పరిహారం దగ్గరా కొలత మారాలి. వన్యప్రాణి దాడిలో మరణానికి, శాశ్వత వైకల్యానికి కేంద్రం 2023 డిసెంబరులో పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. తీవ్ర గాయానికి 2 లక్షలు, చిన్న గాయానికి చికిత్స ఖర్చు 25 వేల వరకు. ఎలుగు బాధితుల్లో చాలామంది శాశ్వత వైకల్యం, తీవ్ర గాయం అన్న రెండు మెట్లకు మధ్య పడిపోతారు. ముఖం చిరిగి, ఒక కన్ను పోయి, కూలికి పోలేని మనిషిని ‘తీవ్ర గాయం’ అనాలా, ‘శాశ్వత వైకల్యం’ అనాలా అన్నది ధ్రువీకరణ పత్రం చేతిలో ఉంటుంది. ముఖానికి, తలకు తగిలే గాయాలకు తొలి గంటల చికిత్స, రేబిస్ టీకా, ఆపై ప్లాస్టిక్ సర్జరీ ఒక వరసలో అందాలి. కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆ ఆసుపత్రిలో ముఖ గాయాలకు ప్రత్యేక ఏర్పాటు, ఎలుగు గాయాలకు ఒక ప్రత్యేక మెట్టు పరిహారం, చికిత్స పూర్తయ్యే వరకు నెలసరి భృతి ఉంటే, ఎలుగు మీద కోపం గూడెంలో మరో రకంగా ఉంటుంది. నష్టం తనొక్కడి నెత్తిన పడినప్పుడే మనిషి ఉరి పన్నుతాడు, కరెంటు తీగ పరుస్తాడు. ఆ తీగకు ఎలుగే కాదు, పక్క చేను రైతూ బలవుతాడు.

ఇక్కడ అటవీ శాఖ ఒంటరిగా ఏమీ చేయలేదన్నది కూడా ఒప్పుకోవాలి. పోడు వివాదంలో 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురైన జిల్లా ఇది. అటు అధికారిలోనూ ఇటు గూడెంలోనూ అపనమ్మకం గూడు కట్టుకుంది. యూనిఫాం వేసుకున్నవారు గీసిన పటాన్ని గూడెం నమ్మదు. ఏ గుట్టలో ఎలుగు ఈనింది, ఏ వాగు రేవుకు రాత్రి దిగుతుంది, ఏ ఏడు ఇప్ప కాపు లేదు అన్నది గూడేనికి ముందే తెలుసు. ఆ తెలివిని విధానంగా మార్చే చట్టపు తలుపు కూడా తెరిచే ఉంది. అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్ వన్యప్రాణులను, అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. రాజ్యాంగం అయిదో షెడ్యూలు ప్రాంతంలో 1996 నాటి పంచాయతీల విస్తరణ (పెసా) చట్టం దానికి తోడుంది. ఇప్పపూల కాలానికి ముందు గ్రామసభ ఒకసారి కూర్చుని, ఏ చెట్లకు వల, ఏ గుట్ట వైపు ఏ వేళ దాకా పోకూడదు, ఎవరెవరు జట్టుగా పోతారు అని తీర్మానం రాస్తే, బీట్ ఆఫీసర్ దాన్ని అమలు చేయించే మనిషి కాకుండా దానికి సాయం చేసే మనిషి అవుతాడు. కేరళ 2024 మార్చిలో మనిషి-వన్యప్రాణి ఘర్షణను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. దానివల్ల సొమ్ము, అధికారం కలెక్టర్ల చేతికి తొందరగా చేరతాయి, కానీ విపత్తు అన్న చూపు అప్పటికి ఆర్పేందుకే పనికొస్తుంది. ఏటా అదే నెలలో, అదే చెట్టు కింద వచ్చేది విపత్తు కాదు, పంచాంగం.

దీనికి మిగిలే అభ్యంతరం ఒకటుంది. ఎన్ని వేళలు సర్దినా కొన్ని దాడులు తప్పవు, ఒక్కో ఎలుగు ఊరిని మరిగి జనం మీద పడుతుంది. నిజమే. వరసగా ఊళ్లో దాడి చేసే జంతువును పట్టాలి, పట్టలేనప్పుడు చట్టం చెప్పిన దారిలో చంపడానికి కూడా వెనకాడరాదు. మినహాయింపుకు ఉన్న ఆ తలుపును మామూలు దారి చేసుకోవద్దనడమే ఇక్కడి వాదన. ఎలుగులు ఇల్లందు అడవుల్లో ఎన్ని ఉన్నాయన్న లెక్క కన్నా, కిందటి పదేళ్లలో ఏ నెలలో, ఏ గంటకు, ఏ పనిలో ఉండగా ఎవరి మీద దాడి జరిగిందన్న పట్టిక మనకు ముందు కావాలి. పోలీసు స్టేషను, ఆసుపత్రి, రేంజ్ కార్యాలయం మూడుచోట్ల చెదిరి ఉన్న ఆ వివరాలను ఒక్కచోట పేర్చడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు. రాబోయే ఫాల్గుణానికి ముందే జిల్లా యంత్రాంగం ఆ పట్టికను గ్రామసభల ముందు పెట్టాలి. ఇప్పచెట్టుకు ఎవరు ముందు పోవాలో అక్కడ కూర్చుని తేల్చుకోగలిగితే చాలావరకు ఎలుగు తన వేళకు వచ్చి తిని పోతుంది. గూడెం తన వేళకు గంప ఎత్తుకుని వెళ్తుంది.